తన ఇంటిని చూచి తానే నవ్విన కళాకారుడు
క్యూబా దర్శకుడు తొమాస్ గుతియెర్రెస్ అలేయా చిత్రాలలో అధిక్షేపం



నవరసాలలో హాస్యానికి మన ఆలంకారికులు రెండవ స్థానం ఇచ్చినారు. భరతముని నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు విధాలుగా విభజించి, వాటిలో ఉత్తములకు తగిన నవ్వు ఏది, అధములకు తగినది ఏది అని కూడా నిర్ణయించినాడు. అయితే ఎవరిని చూచి నవ్వవలె, ఎందుకు నవ్వవలె అనే ప్రశ్న మాత్రం శాస్త్రంతో తీరేది కాదు. బలహీనుని చూచి నవ్వుట సులభం. దానిని ఎగతాళి అంటాము. శత్రువును చూచి నవ్వుట కూడా అంత కష్టమైన పని కాదు. తాను పుట్టి పెరిగిన ఇంటిని, తాను నమ్మిన సిద్ధాంతాన్ని, తాను కోరి తెచ్చుకొన్న ప్రభుత్వాన్ని చూచి నవ్వుట అన్నింటికన్న కష్టం. ఆ నవ్వులో ప్రేమ ఎంత, కోపం ఎంత అని తూచి చెప్పగల త్రాసు లేదు.

ఇట్టి నవ్వును తెలుగులో అధిక్షేపమని, ఉర్దూలో తంజ్ అని వ్యవహరిస్తున్నాము. రెండు సాహిత్యాలలోను దీనికి గొప్ప సంప్రదాయం ఉన్నది. 'కన్యాశుల్కం' రచించిన గురజాడ అప్పారావుగారు తన సంఘంలోని దురాచారాన్నే రంగస్థలం మీదికి ఎక్కించినారు. ఆంగ్లేయుల కొలువులో న్యాయాధికారిగా పనిచేసిన అక్బర్ ఇలాహాబాదీ, ఆ ఆంగ్ల నాగరికతను అనుకరించే తనవారిని తన కవితలలో మెత్తగా చురుక్కుమనిపించినాడు. ఇద్దరూ ఇంటిలోపల నిలిచి మాట్లాడినవారే. ఈ వ్యాసంలో నేను పరిచయం చేయదలచిన కళాకారుడు ఈ కోవకు చెందినవాడే అయినా, మనకు సుదూరమైన కరీబియన్ సముద్రంలోని ఒక ద్వీపానికి చెందినవాడు. అతని సాధనం కలం కాదు, కెమెరా. అతని పేరు తొమాస్ గుతియెర్రెస్ అలేయా. మిత్రులు ముద్దుగా 'తితోన్' అని పిలిచేవారు.

జీవిత రేఖలు

అలేయా 1928 డిసెంబరు 11న క్యూబా రాజధాని హవానాలో జన్మించినాడు. కలిగిన కుటుంబం. హవానా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివినాడు. నియమాలు, ఉత్తర్వులు, అర్జీలు, ప్రత్యర్జీలు, వీటన్నిటి భాషను అతడు విద్యార్థి దశలోనే వంటబట్టించుకొన్నాడనుకొనవచ్చును. ఆ భాష అతని కళకు తరువాత ఎంతగా ఉపకరించినదో ముందు చూడగలము. 1951లో ఇటలీకి వెళ్లి రోము నగరంలోని చలనచిత్ర శిక్షణ సంస్థలో రెండు సంవత్సరాలు దర్శకత్వం అభ్యసించినాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఇటలీలో వెలసిన నూతన వాస్తవికతావాదం అప్పటికి ప్రపంచమంతటా పేరుపొందినది. సామాన్యుని కథను, సామాన్యుని వీధిలో, సామాన్యుని ముఖంతోనే చెప్పవలెనన్నది ఆ వాదం.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత 1955లో హూలియో గార్సియా ఎస్పినోసాతో కలిసి 'ఎల్ మెగానో' అనే లఘుచిత్రం నిర్మించినాడు. చిత్తడి నేలలలో బొగ్గు కాల్చి బ్రతికే నిరుపేద కూలీల జీవితం అందులోని వస్తువు. బతీస్తా నియంతృత్వపు పోలీసులు ఆ చిత్రాన్ని స్వాధీనం చేసుకొన్నారు. 1959 జనవరిలో బతీస్తా పలాయనం చిత్తగించగా విప్లవం జయించినది. అదే సంవత్సరం మార్చిలో క్యూబా చలనచిత్ర కళా పరిశ్రమల సంస్థ ఏర్పడినది. ఆ సంస్థను నిలబెట్టినవారిలో అలేయా ఒకడు. విప్లవాన్ని కీర్తించే చిత్రం 1960లో తీసినాడు. 1962లో సోవియట్ హాస్యరచయితలు ఇల్ఫ్, పెత్రోవ్‌ల నవల ఆధారంగా 'పన్నెండు కుర్చీలు' తీసినాడు. అంటే విప్లవానికి అతడు వెలుపలివాడు కాడు. ఆ ఇంటికి ఇటుకలు మోసినవాడు. ఈ సంగతి గుర్తుంచుకొంటేనే అతని అధిక్షేపం విలువ తెలుస్తుంది.

'ఒక బ్యూరోక్రాటు మరణం'

1966లో విడుదలైన 'లా ముయెర్తె దె ఉన్ బురోక్రాతా', అనగా 'ఒక బ్యూరోక్రాటు మరణం', అలేయాకు దేశదేశాలలో కీర్తి తెచ్చిన చిత్రం. ఆ సంవత్సరమే కార్లొవీ వారీ చలనచిత్రోత్సవంలో న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమతి పొందినది. చిత్రం ప్రారంభంలో నటుల పేర్లు, సాంకేతికుల పేర్లు మామూలుగా కనిపించవు. టైపు మిషను టకటకలాడుతుండగా ఒక ప్రభుత్వ ఉత్తర్వు రూపంలో అవి కాగితం మీద పడుతూ ఉంటాయి. స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీ, బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్, లూయీ బునుయెల్, మారిలిన్ మన్రో మొదలైనవారికి ఈ చిత్రం అంకితమని ఆ 'ఉత్తర్వు' లోనే ప్రకటింపబడుతుంది. చూచేవానికి మొదటి క్షణంలోనే అర్థమవుతుంది: నవ్వు కూడ ఇక్కడ సరియైన ముద్ర వేయించుకొనియే లోపలికి రావలె.

కథ ఒక అంత్యక్రియతో మొదలవుతుంది. ఫ్రాన్సిస్కో పేరెస్ అనే ఆదర్శ కార్మికుడు మరణించినాడు. అతడు ఒక విచిత్ర యంత్రాన్ని కనిపెట్టినవాడు. క్యూబా స్వాతంత్ర్యం కొరకు 1895లో రణరంగంలో ప్రాణమిచ్చిన మహాకవి హోసె మార్తీ శిరోవిగ్రహాలను ఆ యంత్రం వరుసగా అచ్చుపోసి బయటకు తోస్తుంది. ఒకనాడు యంత్రం చెడిపోగా దానిని బాగుచేయబోయి పేరెస్ అందులో పడిపోతాడు. యంత్రం అతనిని కూడ ఒక విగ్రహంగా మార్చి బయటకు తోస్తుంది. శ్రమజీవికి గౌరవసూచకంగా అతని కార్మిక గుర్తింపు కార్డును శవపేటికలో అతనితోపాటే ఉంచి ఖననం చేస్తారు. శ్మశానంలో ఉపన్యాసం ఘనంగా జరుగుతుంది.

తరువాత అతని భార్య పింఛను కొరకు కార్యాలయానికి వెళుతుంది. అక్కడి గుమాస్తా కార్మిక కార్డు చూపమంటాడు. కార్డు లేనిదే పింఛను లేదు. కార్డు భూమిలో ఉన్నది. మేనల్లుడు హువాన్చిన్, ఈ పాత్రను సాల్వదోర్ వుడ్ అనే నటుడు ధరించినాడు, శ్మశానానికి వెళ్లి సమాధి తెరువుమని వేడుకొంటాడు. ఖననమైన రెండు సంవత్సరాల వరకు సమాధి తెరుచుటకు వీలులేదు; తెరువవలెనంటే న్యాయస్థానపు ఉత్తర్వు కావలె అంటారు. ఉత్తర్వు కొరకు ఎక్కిన మెట్టు ఎక్కకుండా, దిగిన మెట్టు దిగకుండా తిరిగినా పని కాదు. చివరకు గత్యంతరం లేక రాత్రివేళ దొంగచాటుగా సమాధి త్రవ్విస్తాడు. పని ముగియకముందే అలికిడి విని మనుషులు చెదిరిపోతారు. శవపేటిక హువాన్చిన్ తలమీద పడుతుంది. దానిని ఇంటికి తీసుకొనిపోవుట తప్ప మార్గం లేదు.

కార్డు దొరికినది. కాని ఇప్పుడు అసలు చిక్కు మొదలయినది. మరునాడు శవాన్ని మరల ఖననం చేయుటకు శ్మశానానికి తెస్తే అక్కడి అధికారి దఫ్తరు తెరిచి చూచినాడు. ఈ పేరుగల మనిషి ఇదివరకే ఖననమైనట్లు పుస్తకంలో ఉన్నది. ఉన్నవానిని మరల ఎట్లు పూడ్చగలరు? పూడ్చవలెనంటే ముందుగా బయటకు తీసినట్లు అనుమతి పత్రం చూపవలె. అనుమతి లేకుండా తీసినందున ఆ పత్రం లేదు. శవం మాత్రం బండిలో ఉన్నది! ఇంట్లో భార్య మంచుగడ్డలు తెప్పించి భర్త దేహాన్ని కాపాడుకొంటూ ఉంటుంది. హువాన్చిన్ ఒక బల్ల దగ్గరనుండి మరొక బల్లకు, ఒక అంతస్తు నుండి మరొక అంతస్తుకు తిరుగుతూనే ఉంటాడు. శ్మశానద్వారం వద్ద వాదం ముదిరి కొట్లాటగా మారి, పూలదండలు ఆయుధాలై, శవవాహనం ముక్కలు ముక్కలు కావడం లారెల్, హార్డీల పాత చిత్రాలను తలపింపజేస్తుంది. ఎత్తయిన భవనపు అంచున కథానాయకుడు ప్రాణాలు అరచేత పట్టుకొని నిలిచిన ఘట్టంలో హెరాల్డ్ లాయిడ్ కనిపిస్తాడు.

చిత్రాంతంలో సహనం నశించిన హువాన్చిన్ శ్మశానాధికారి గొంతు నులిమి చంపుతాడు. అతనిని పిచ్చివానిగా కట్టి తీసుకొనిపోతారు. అధికారికి లాంఛనంగా అంత్యక్రియ జరుగుతుంది. శీర్షికలో చెప్పిన మరణం ఎవరిదో ప్రేక్షకునికి అప్పుడు తెలుస్తుంది. మొదట చనిపోయిన కార్మికునికి దొరకని శాంతి, చివర చనిపోయిన అధికారికి దొరుకుతుంది. ఎందుకనగా అతని కాగితాలన్నీ సరిగా ఉన్నవి.

ఈ నవ్వు ఎట్లు పుట్టినది?

ఈ చిత్రంలో దుర్మార్గుడు ఒక్కడూ లేడని విద్యార్థులు గమనించవలె. లంచం అడిగే గుమాస్తా కథను నడిపించడు. ప్రతి ఉద్యోగి తన బల్లమీద ఉన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాడు. కార్డు చూడనిదే పింఛను ఇవ్వరాదనుట సరియైన నియమమే. లేకుంటే మోసగాండ్రు పింఛను కాజేస్తారు. ఉత్తర్వు లేకుండా సమాధి తెరువరాదనుట కూడ సరియైనదే. మృతుల గౌరవం కాపాడవలె కదా! ఒకసారి పూడ్చిన మనిషిని మరల పూడ్చరాదనుటలో తప్పేమున్నది? ఒక్కొక్క నియమం విడివిడిగా న్యాయమే. అన్నీ కలిసినప్పుడు ఒక విధవరాలి ఇంట శవం కుళ్లిపోతుంది. అలేయా చూపిన సత్యం ఇది. విడివిడిగా న్యాయమైనవి కలిసి అన్యాయం కావచ్చుననే ఎరుక కలిగినప్పుడు మనం మొదట నవ్వుతాము, పిదప ఉలిక్కిపడతాము.

మరొక సూక్ష్మమైన దెబ్బ విగ్రహాల యంత్రంలో ఉన్నది. మార్తీ క్యూబావాసులకు ప్రాతఃస్మరణీయుడు. అతని విగ్రహం లేని పాఠశాల, కూడలి అక్కడ అరుదు. అలేయా మార్తీని అవమానించలేదు. మహనీయుని స్మృతిని యంత్రంతో అచ్చుపోసే మనస్తత్వాన్ని అవమానించినాడు. భక్తి యాంత్రికమైనప్పుడు అది మొదట మహాత్ముని మింగుతుంది, తరువాత భక్తుని మింగుతుంది. నినాదాలకు కూడ ఇదే వర్తిస్తుంది. ఒక కొత్త ఆశయం పాత అలవాటుగా మారుటకు ఎన్నో ఏండ్లు పట్టదని, విప్లవం జయించిన ఏడు సంవత్సరాలకే ఈ చిత్రం హెచ్చరించినది.

ఇక్కడ ఒక స్వానుభవం చెప్పుకొనుటకు పాఠకులు అనుమతింతురు గాక. మా నాన్నగారు ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో ముప్పది ఏండ్లు ఉపాధ్యాయులుగా ఉండి విశ్రాంతి తీసుకొన్నారు. ఒక సంవత్సరం పింఛను ఆగిపోగా వారిని వెంటబెట్టుకొని ఒక కార్యాలయానికి వెళ్లినాను. బల్లవద్ద కూర్చున్న యువకుడు వారిని చూడగానే లేచి నిలబడి "ఆదాబ్, మాస్టర్‌సాబ్" అన్నాడు. వారి వద్ద మూడవ తరగతి చదివినాడట. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, ఆరోగ్యం ఎట్లున్నదని అడిగినాడు. ఆ తరువాత ఎంతో వినయంగా, "మీరు జీవించి ఉన్నట్లు గెజిటెడ్ అధికారి సంతకంతో పత్రం కావలె, మాస్టర్‌సాబ్" అన్నాడు. నాకు కోపం వచ్చినది. బయటకు వచ్చిన తరువాత నాన్నగారు మాత్రం నవ్వి, "వానిని ఏమీ అనకు బేటా! నియమం తప్పవద్దని వానికి నేర్పినది నేనే కదా" అన్నారు.

అలేయా చిత్రాన్ని ఆంగ్ల ఉపశీర్షికలతో చూచిన నాడు నాకు ఈ మాటయే గుర్తుకు వచ్చినది. ఆ యువకుడు చెడ్డవాడు కాడు. నియమాన్ని నేర్పినవారు, పాటించినవారు, దానివలన బాధపడినవారు అందరూ ఒక ఇంటివారే. అధిక్షేపం చేయువాడు ఈ సంగతి మరచినచో అతని రచన తిట్టుగా మిగులుతుంది.

ప్రభుత్వం ఎట్లు సహించినది?

ఇట్టి చిత్రాన్ని సోషలిస్టు ప్రభుత్వం ఎట్లు అనుమతించినదనే సందేహం కలుగుట సహజం. చిత్రాన్ని నిర్మించినది ప్రభుత్వ సంస్థయే. దీనికి కొంత చరిత్ర తెలియవలె. 1961లో హవానా రాత్రి జీవితం గురించిన 'పి.ఎం.' అనే చిన్న చిత్రాన్ని నిషేధించినారు. దానిపై కళాకారులలో ఆందోళన చెలరేగగా, ఆ సంవత్సరం జూన్ నెలలో ఫిడెల్ కాస్ట్రో జాతీయ గ్రంథాలయంలో మేధావులతో సమావేశమై, విప్లవం లోపల నిలిచినవారికి అన్నిటికీ స్వేచ్ఛ కలదని, విప్లవానికి ఎదురు నిలిచినవారికి ఏదియు లేదని తాత్పర్యమిచ్చే ప్రసంగం చేసినాడు. ఏది లోపల, ఏది వెలుపల అని నిర్ణయించువారెవరు? ఆ ప్రశ్నకు సమాధానం ఆ ప్రసంగంలో లేదు. క్యూబా కళాకారులు అటుపిమ్మట దశాబ్దాలపాటు ఆ గీత మీదనే నడిచినారు. కొందరు దేశం విడిచిపోయినారు. 1970 దశకపు పూర్వార్ధంలో పెక్కుమంది రచయితలు మౌనం వహింపవలసి వచ్చినది.

అయితే కార్యాలయపు జాడ్యం విషయంలో పరిస్థితి కొంత వేరు. చే గువేరా స్వయంగా 1963లో ఆ జాడ్యాన్ని ఖండిస్తూ వ్యాసం రచించినాడు. అరవయ్యవ దశకం మధ్యలో ప్రభుత్వమే దానికి వ్యతిరేకంగా ప్రచారోద్యమం నడిపినది. కనుక అలేయా ఎన్నుకొన్న శత్రువు ప్రభుత్వం కూడ శత్రువుగా ప్రకటించినదే. తన సొంత పనిమీద కార్యాలయాల చుట్టూ తిరిగిన విసుగు నుండి ఈ చిత్రం పుట్టినదని అలేయా చెప్పుకొన్నాడు. అతని గొప్పతనం ప్రచారోద్యమం ఆగిన చోట ఆగకపోవుటలో ఉన్నది. జాడ్యాన్ని పోగొట్టుటకు పుట్టిన ఉద్యమం కూడ గోడపత్రికలు, నినాదాలు, సమావేశాలుగా మారి ఆ జాడ్యంలోనే ఒక శాఖ అవుతుందని అతడు చూచినాడు.

నవ్వేవానిని చూచి నవ్వుట: 'స్మృతులు'

1968లో అలేయా 'వెనుకబాటుతనపు స్మృతులు' తీసినాడు. ఎద్మున్దో దెస్నోయెస్ నవల దీనికి ఆధారం. సెర్హియో అనే ధనిక యువకుని భార్య, తల్లిదండ్రులు, మిత్రులు అమెరికాకు వెళ్లిపోతారు. అతడు మాత్రం హవానాలో ఉండిపోతాడు. మేడమీద నుండి దూరదర్శినితో నగరాన్ని చూస్తూ, అందరిలోని వెనుకబాటుతనాన్ని ఎత్తిచూపుతూ కాలం గడుపుతాడు. 1961 నాటి పిగ్స్ అఖాతపు దాడి అనంతరం మొదలైన కథ 1962 అక్టోబరు క్షిపణి సంక్షోభంతో ముగుస్తుంది. సెర్హియో తెలివిగలవాడు, అతని విమర్శలలో చాలవరకు నిజమున్నది. కాని అతడు దేనికీ చేయి వేయడు. సైన్యం సముద్రతీరంలో ఫిరంగులు నిలుపుతున్నప్పుడు కూడ తన గదిలో ఒంటరిగా పచార్లు చేస్తూ ఉంటాడు. మొదటి చిత్రంలో అధిక్షేపం కాగితాన్ని పూజించేవానిపై పడినది. ఇందులో అది మేడమీద నిలిచి అందరినీ విమర్శించే మేధావిపై పడినది. మనలాంటి చదువుకొన్నవారు ఈ చిత్రం చూచి హాయిగా కూర్చోలేరు.

ఇందులో ఒక సన్నివేశం ప్రత్యేకంగా పేర్కొనదగినది. సాహిత్యమూ వెనుకబాటుతనమూ అనే అంశంపై ఒక చర్చాగోష్ఠి జరుగుతూ ఉంటుంది. వేదికమీద పండితులు గంభీరంగా మాట్లాడుతుంటారు. వారిలో ఈ కథ వ్రాసిన దెస్నోయెస్ స్వయంగా కూర్చుని ఉంటాడు! వారి ముందు ఒక నల్లజాతి సేవకుడు మౌనంగా గ్లాసులలో నీళ్లు పోస్తూ ఉంటాడు. సభలోని ఒక అమెరికన్ నాటక రచయిత లేచి, ఇంత గొప్ప విప్లవం వచ్చిన దేశంలో ఇంత పాతకాలపు చర్చాగోష్ఠి ఎందుకని అడుగుతాడు. సమానత్వం గురించిన మాటలు, నీళ్లు పోసే చేయి, రెండూ ఒకే చట్రంలో కనిపిస్తాయి. దర్శకుడు ఒక్క వ్యాఖ్య కూడ చేయడు. తన మూలకథ వ్రాసిన రచయితను, తన తోటి మేధావులను, తనను కూడ ఆ వేదికమీద కూర్చుండబెట్టి నవ్వినాడు. తన్ను మినహాయించుకొని చేసిన అధిక్షేపం సగం అధిక్షేపమే అనుటకు ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ చిత్రం అమెరికాలో 1973లో ప్రదర్శితమై విమర్శకుల మన్నన పొందినది. అక్కడి జాతీయ చలనచిత్ర విమర్శకుల సంఘం 1974లో ఇచ్చిన గౌరవాన్ని స్వీకరించుటకు అలేయాకు అమెరికా ప్రభుత్వం వీసా నిరాకరించినది. మరొకవైపు పాశ్చాత్య దేశాలలో కొందరు అతనిని విప్లవ ద్రోహిగా, నిర్బంధంలో ఉన్న కళాకారునిగా చిత్రించి మెచ్చుకొన్నారు. ఆ మెప్పును అతడు అంగీకరించలేదు. ఇంటిని విమర్శించినది ఇల్లు బాగుపడవలెనని; పొరుగువారు చప్పట్లు కొట్టవలెనని కాదు. 1982లో ప్రచురించిన 'ప్రేక్షకుని గతితర్కం' అనే గ్రంథంలో తన కళాదృక్పథాన్ని వివరించినాడు. చిత్రం చూచినవాడు తృప్తిపడి నిద్రపోరాదని, ప్రశ్నతో వీధిలోకి తిరిగిపోవలెనని ఆ గ్రంథ సారాంశం.

చివరి ప్రయాణం

1979లో తీసిన 'బ్రతికి మిగిలినవారు' చిత్రంలో, విప్లవాన్ని అంగీకరించని ఒక ప్రభువుల కుటుంబం తన భవనం తలుపులు మూసుకొని చరిత్రలో వెనుకకు జారిపోతూ చివరకు నరమాంస భక్షణకు దిగజారుతుంది. 1993లో హువాన్ కార్లోస్ తబియోతో కలిసి తీసిన 'స్ట్రాబెర్రీ, చాక్లెట్' చిత్రంలో, ఒక కమ్యూనిస్టు విద్యార్థికీ, సమాజం ఈసడించే స్వలింగ ప్రవృత్తిగల ఒక కళాభిమానికీ మధ్య ఏర్పడిన స్నేహం చిత్రితమైనది. వేరైనవానికి కూడ ఈ ఇంటిలో చోటు ఉండవద్దా అని ఆ చిత్రం అడిగినది. ఆస్కారు బహుమతికి పోటీలో నిలిచిన మొదటి క్యూబా చిత్రం అది.

అప్పటికి అలేయా తీవ్ర వ్యాధిగ్రస్తుడు. దేశం కూడ కష్టదశలో ఉన్నది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత క్యూబాకు చమురు, ఆహారం కరువైనవి. ఆ కాలాన్ని వారు 'ప్రత్యేక కాలం' అని పిలిచినారు. ఆ నేపథ్యంలో 1995లో మరల తబియోతో కలిసి తన చివరి చిత్రం 'గ్వాంతానమేరా' తీసినాడు. ఇందులోనూ ఒక శవమే కథకు ఇరుసు. తూర్పు కొననున్న గ్వాంతానమోలో మరణించిన ఒక వృద్ధ గాయనిని పడమటనున్న హవానాకు చేర్చవలె. పదవి కోల్పోయిన అదోల్ఫో అనే అధికారి మరల పైకి రావలెనని ఒక పథకం వేస్తాడు. ప్రతి రాష్ట్రం శవాన్ని తన సరిహద్దు వరకే మోయవలె. అక్కడ మరొక వాహనంలోకి మార్చవలె. ఇంధనం ఖర్చు అందరికీ సమానంగా పంచబడవలె. లెక్క కాగితంమీద అద్భుతంగా ఉన్నది. దారిలో మాత్రం శవపేటికలే తారుమారైపోతాయి.

చిత్రం నడుమ ఒక ఆఫ్రికన్ పురాణగాథ వినిపిస్తుంది. సృష్టికర్త లోకాన్ని సృజించి మృత్యువును సృజించుట మరచినాడట. ముసలివారు వేల ఏండ్లు బ్రతికి, తమ పాత చట్టాలతోనే పరిపాలిస్తూ ఉన్నారు. యువకులు మొరపెట్టుకోగా ఎడతెగని వాన కురిపించి మృత్యువును పంపినాడట. వ్యాధితో పోరాడుతున్న దర్శకుడు తన చివరి చిత్రంలో ఈ కథ చెప్పించుటలోని ధైర్యాన్ని ఊహించండి. పాతది తొలగి కొత్తదానికి దారి ఇవ్వవలెనన్న నియమం నుండి తనను కూడ అతడు మినహాయించుకొనలేదు. 1998లో కాస్ట్రో ఒక ప్రసంగంలో ఈ చిత్రాన్ని విమర్శించినాడు. అప్పటికి అలేయా లేడు. 1996 ఏప్రిల్ 16న హవానాలోనే కన్నుమూసినాడు.

'గ్వాంతానమేరా' చివరి దృశ్యంలో అధికారి అదోల్ఫో శ్మశానంలో ఒక ఎత్తయిన పీఠమెక్కి ఘనంగా ఉపన్యసిస్తూ ఉంటాడు. వాన మొదలవుతుంది. వినేవారు లేచిపోతారు. నిచ్చెన తీసివేయబడి అతడు విగ్రహంవలె పైన మిగిలిపోతాడు. ముప్పది ఏండ్లకు పూర్వం ఒక కార్మికుని యంత్రం విగ్రహంగా మార్చినది. ఇప్పుడు అధికారి తనంతట తానే విగ్రహమై నిలిచినాడు. ఈ రెండు విగ్రహాల మధ్య ఒక దేశపు మూడు దశాబ్దాల చరిత్ర ఉన్నది.

మనం గ్రహించవలసినది

అలేయా పద్ధతి నుండి సాహిత్య విద్యార్థి నేర్చుకోదగినవి మూడు కలవు. మొదటిది, అధిక్షేపానికి సూక్ష్మజ్ఞానం కావలె. నియమాల లోపలి తర్కం తెలిసినవాడు కనుకనే అలేయా ఆ తర్కాన్ని చివరిదాకా నడిపించి దాని వైపరీత్యాన్ని బయటపెట్టగలిగినాడు. రెండవది, మనిషిని ద్వేషించకుండ అలవాటును ఖండించవలె. మూడవది, విమర్శించువాడు తాను కూడ ఆ వేదికమీదనే కూర్చున్నానని ఒప్పుకోవలె.

ఈ కళాశాల నుండి మీలో పెక్కుమంది రేపు ఉద్యోగాలలో చేరుతారు. నేడు ధ్రువపత్రాల కొరకు బల్లకు ఇవతల నిలబడుతున్న మీరే, రేపు బల్లకు అవతల కూర్చుంటారు. నియమ పుస్తకం మీ చేతిలో ఉంటుంది; దానిని పాటించవలసినదే. కాని మీ ఎదుట నిలిచిన వృద్ధుని ముఖం చూచి, అతడు జీవించియున్నాడో లేదో ఒక్క క్షణం మీ కళ్లతోనే తేల్చుకొనండి. ఆ క్షణంలో మీ పెదవిపై ఒక చిన్న నవ్వు మెదిలి, వెంటనే మీ చేయి కలం అందుకొని ఆ పని పూర్తిచేసినచో, హవానాలోని ఆ దర్శకుడు పడిన శ్రమ మనకు కూడ ఫలించినట్లే.